వృత్తి మార్చువారి అర్జీ



నేడు నేను చెప్పబోవు విషయము పైకి చిన్నదిగా కనబడును. ఒక వృత్తిలో పదియేండ్లో ఇరువదియేండ్లో గడపినవాడు దానిని విడిచి వేఱొక పనికై అర్జీ పెట్టుకొనవలసి వచ్చినపుడు, ఆ అర్జీ యెట్లుండవలెననునదియే విషయము. ఒక కాగితమును ఒక కలమును ఉన్నచో చాలదా యని మీరడుగవచ్చును. కాని ఆ కాగితమును నమ్ముకొని ఒక సంసారము కూర్చుండియుండును. దానిని చదువువాడు ఒకటి రెండు నిమిషములకంటె ఎక్కువ కాలము వెచ్చింపడు. ఆ కొద్దిపాటి వేళలో ఒక మనుష్యుని ఇరువదియేండ్ల కష్టము అతనికి తెలియవలెను; తెలియదా, ఆ కాగితము చెత్తబుట్ట చేరును.

పల్లెలలో ఇట్టి కాగితము వ్రాయించుకొనుటకు జనులు మొదట వచ్చునది చదువుకొన్న పెద్దల అరుగుమీదికే. కావున ఈ నాలుగు మాటలును పని కోరువారికంటె, వారికి సలహా చెప్పు మీకే ముఖ్యముగా చెప్పదలచితిని. మఱియొక కారణము కూడ కలదు. ఈ విషయమున నేనొక తప్పు చేసితిని. దానిని మీ యెదుట ఒప్పుకొనినచో, ఆ తప్పు వేఱొకరు చేయకుండ ఉందురని నా ఆశ.

మన సీమ మెట్టసీమ. ఒకప్రక్క నల్లమల, వేఱొకప్రక్క వెలికొండలు. నడుమ గుండ్లకమ్మ. విజయనగర ప్రభువుల కాలమునాటి కంభము చెఱువు నిండిన యేడు పొలములు నిండును; ఆ చెఱువు నిండని యేడు వలసపోవువారితో బస్సులు నిండును. 1970లో ఒంగోలు కేంద్రముగ క్రొత్త జిల్లా ఏర్పడినపుడు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లానుండి వచ్చి అందు చేరినవి. జిల్లా మాఱినది గాని వాన మాఱలేదు. కావున ఒకే వృత్తిని నమ్ముకొని తాత, తండ్రి, మనుమడు వరుసగా బ్రదుకుట మన సీమలో ఎప్పుడును సులభము కాలేదు.

ఈ మెట్టనేలయే మనకొక వరము కూడ ఇచ్చినది. అది పలకరాయి. మార్కాపురపు పలక ఎఱుగని బడి ఒకప్పుడు మన దేశమున అరుదు. గనినుండి రాతిని తీసి, ఉలితో పొరలు పొరలుగ చీల్చి, కొలతకు కోసి, అరగదీసి, కొయ్యచట్రము బిగించి పంపుచుండిరి. వేలకొలది కుటుంబములు ఆ పనిమీద బ్రదికినవి. పిమ్మట కాగితపు పుస్తకములు చవుకయైనవి. అట్టపలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చినవి. రాతిపలకకు గిరాకి తగ్గెను. కొన్ని కార్ఖానాలు గోడలకును నేలకును వాడు అలంకార ఫలకముల వైపునకు మరలినవి, కొన్ని మూతపడినవి. దానికి తోడు రాతిదుమ్ములోని సిలికా ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. ఒకసారి వచ్చినచో అది నయమగునది కాదు. 1988లో కేంద్రప్రభుత్వము బాలకార్మికుల కొఱకు ప్రత్యేక పథకము నారంభించినపుడు మొట్టమొదట ఎన్నుకొన్న స్థలములలో మార్కాపురము పలకల పరిశ్రమ యొకటి యనగా, పసిపిల్లలు కూడ ఆ దుమ్ములో ఎట్లు పనిచేసిరో ఊహించుకొనుడు. ఇట్లు గిరాకి తగ్గియో, రొమ్ము చెడియో ఈ వృత్తిని విడువవలసినవారు మన ఊరూర కలరు.

వృత్తి మాఱుట కూలివానికే వచ్చు కష్టము కాదు. 1984 జనవరిలో ప్రభుత్వము మునసబు కరణముల వంశపారంపర్యోద్యోగములను రద్దు చేసినది మీలో ననేకులకు జ్ఞాపకముండును. అప్పుడు నేను ఉద్యోగమున క్రొత్తగా చేరినవాడను. ఆ దినములలో నా కంటబడిన అర్జీలు రెండు రకములు. ఒక రకమున తాతముత్తాతల పేర్లు, పోయిన గౌరవము, జరిగిన అన్యాయము పుటలకొలది ఉండెడివి. రెండవ రకమున “నేను కొలతపటము చదువగలను, అడంగలు తప్పులేకుండ వ్రాయగలను, దస్తావేజు చిత్తు చేయగలను” అని నాలుగు పంక్తు లుండెడివి. మొదటివానిని చదివి జనులు జాలిపడిరి. రెండవవానిని వ్రాసినవారిని, నేనెఱిగినంతలో, పనికి పిలిచిరి. జాలి వేఱు, పని వేఱు. ఈ భేదమును నేను నాడు చూచితినే గాని నేర్చుకొనలేదు.

ఇక నా తప్పు చెప్పెదను.

కొన్నియేండ్ల క్రిందట ఒక సాయంకాలము, మా వీధివాడైన ఒక యువకుడు నాయొద్దకు వచ్చెను. వయస్సు ముప్పదినాలుగు. నాయొద్దనే చదువుకొన్నవాడు. పలకల కార్ఖానాలో 16 ఏండ్లు పనిచేసినాడు. కార్ఖానా మూతపడినది. దగ్గు పట్టుకొన్నది. వైద్యుడు పరీక్షించి, ఇక దుమ్ములో పని మానుమని చెప్పినాడట. ఇంట తల్లి, భార్య, ఇద్దఱు పిల్లలు. “అయ్యవారూ, పట్నములో ఒక వర్తకునియొద్ద సరకులు చూచుకొను పని ఉన్నదట. మంచి అర్జీ వ్రాసి పెట్టుడు” అని అడిగెను.

నేను భాషాప్రవీణ చదివినవాడను. శిష్యునికి సాయపడవలెనను ఉత్సాహముతో నా పాండిత్యమంతయు ఆ కాగితముమీద కుమ్మరించితిని. ఆరంభమున వర్తకునికి బిరుదములు పెట్టితిని. పిమ్మట దీనుడనని, అనాథుడనని, తమ కరుణాకటాక్షమే శరణ్యమని ఒక పుట నింపితిని. పలకలపని పేరు మాత్రము ఎక్కడను ఎత్తలేదు. దానికి బదులు “అనేక సంవత్సరముల వ్యాపారానుభవము కలవాడను” అని వ్రాసితిని. ఎందుకనగా, రాయి కోసినవాడని తెలిసినచో లెక్కలపని ఇయ్యరని నేనే అనుకొంటిని.

వర్తకుడు అతనిని పిలిపించెను. కూర్చుండబెట్టి మర్యాదగానే, “ఏమి వ్యాపారము చేసితివి? ఎక్కడ?” అని అడిగెను. ఇతనికి నోట మాట రాలేదట. నిజము చెప్పినచో కాగితము అబద్ధమగును. కాగితమును నిలబెట్టవలెనన్న తాను అబద్ధమాడవలెను. తలవంచుకొని వచ్చివేసెను. మా వాకిట నిలిచి, “అయ్యవారూ, ఆ కాగితములోని మనిషిని నేను కాను గదా!” అనెను. కోపముతో అనలేదు. కోపముతో అనినచో నాకు కొంత తేలికగా ఉండెడిది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పదియైదేండ్లు బడిలో పనిచేసితిని. ఎన్ని వందలమంది పిల్లల చేతిని పట్టుకొని ఆ రాతిపలకమీద ఓనమాలు దిద్దించితినో లెక్కలేదు. నేను తిన్న అన్నము పలకమీది అన్నము. ఆ పలకను చేసిన చేతిని గూర్చి చెప్పుటకు సిగ్గుపడినవాడను నేను! సిగ్గు అతనిది కాదు, నాది. అతని పనిని తక్కువగా చూచినది వర్తకుడు కాదు, నేను.

మఱునాడు అతనిని పిలిచి అరుగుమీద కూర్చుండబెట్టితిని. కాగితము తీయలేదు. “నాయనా, కార్ఖానాలో ఉదయము పోయిన దాదిగ సాయంకాలము వఱకు నీవేమి చేయుదువో గంటగంటకును చెప్పుము” అంటిని. మొదట “ఏమున్నది, కూలిపనియే” అనెను. విడువక అడిగితిని. అప్పుడు ఒక్కొక్కటియే బయటికి వచ్చెను. మొదటి 9 ఏండ్లే అతడు రాయి కోసినాడు. తరువాతి 7 ఏండ్లు పలకలు పెట్టెలలో సర్దు కొట్టము అతని వశమున ఉండినది. కొలతలవారీగా పలకలను వేఱుచేయుట, డజనుల లెక్కన పెట్టెలలో పెట్టించుట, నడుమ గడ్డి పఱపించుట, లారీ కెక్కించునపుడు రసీదుతో సరిచూచుట, పగిలినవానిని వేఱు పుస్తకమున వ్రాయుట, 12 మంది పనివారి హాజరుపట్టీ చూచుట, ఇదంతయు అతడే చేసినాడు. నేను ఇరువదియేండ్లు అతనికి ఎదురింటివాడనై యుండియు ఇందు ఒక్కటియు నాకు తెలియదు.

శ్రోతలారా, అర్జీ వ్రాయుటలో మొదటి పని వ్రాయుట కాదు, అడుగుట. వృత్తి మార్చువానికి తన పాత పని మిక్కిలి పరిచితమగుటచే అందులోని నేర్పు అతని కంటికి కనబడదు. కనబడునట్లు చేయుటయే మన పని.

ఇది క్రొత్త ఉపదేశము కాదు. మనకు తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వమును మించిన దృష్టాంత మెక్కడ? రాజ్యమేలినవారు ఐదుగురును, మహారాణియు పని వెదకుకొనుచు మత్స్యరాజు కొలువునకు పోయిరి. ధర్మరాజు కంకుభట్టయ్యెను, భీముడు వలలుడయ్యెను, అర్జునుడు బృహన్నల, నకులుడు దామగ్రంథి, సహదేవుడు తంత్రీపాలుడు, ద్రౌపది సైరంధ్రి. వారు మాఱుపేర్లు పెట్టుకొనిరి. అది అజ్ఞాతవాస నియమము, మనము గ్రహింపదగినది కాదు. గ్రహింపదగినది వేఱొకటి. పేరు దాచిరి గాని నేర్పు దాచలేదు. లేని నేర్పును చెప్పుకొనలేదు. భీమునకు వంట నిజముగనే వచ్చును. నకులునకు గుఱ్ఱముల గుణదోషములు నిజముగనే తెలియును. సహదేవుడు ఆలమందల లెక్క తెలిసినవాడు. అర్జునుడు అస్త్రములకై స్వర్గమునకు పోయినపుడు అక్కడ చిత్రసేనునివలన నాట్యము నేర్చుకొనెను. నాడు అది ఉపవిద్య, విరాటుని కొలువులో అదియే జీవనమయ్యెను. పెద్దపని చేయుచు ప్రక్కన నేర్చుకొన్న చిన్నపనియే వేఱొకచోట మనలను నిలుపును. మఱియు ఆర్వురిలో ఎవరును “మేము రాజ్యము పోగొట్టుకొన్న దీనులము” అని ఏడ్వలేదు. నీకు ఈ పని కావలెను, అది నాకు వచ్చును అని నిలిచిరి.

ఇక అర్జీని ఎట్లు కూర్చవలెనో వరుసగా చెప్పెదను.

మొదటిది: పనిని గూర్చి వచ్చిన ప్రకటనను రెండుమాఱులు చదువవలెను. వారికేమి కావలెనో దానినే మన మాటలలో మొదట పెట్టవలెను. మనకేమి కావలెనో అది వారెఱుగుదురు, జీతము కావలెను.

రెండవది: వృత్తి మాఱుటను దాపరికము లేక ఒక్క వాక్యమున చెప్పివేయవలెను. కార్ఖానా మూతపడినదా, మూతపడినదనియే వ్రాయవలెను. పాత యజమానిని దూషింపరాదు. నేడు వానిని తిట్టినవాడు ఱేపు తన్నును తిట్టునని చదువువాడు తలచును.

మూడవది: పాత పనిని క్రొత్త పనియొక్క భాషలోనికి మార్చవలెను. “పలకలు సర్దితిని” అనుట ఒకటి. “పగులు సరకును లెక్క తప్పకుండ కట్టించి పంపితిని” అనుట మఱొకటి. రెండును నిజమే, రెండవది చదువువానికి పనికివచ్చు నిజము. ఎన్నియేండ్లు, ఎందఱు, ఎంత సరకు అను లెక్కలు తప్పక ఉండవలెను. “కష్టజీవిని” అని పదిసారులు వ్రాయుటకంటె “7 ఏండ్లు” అను ఒక్క అంకె ఎక్కువ చెప్పును.

నాలుగవది: రానిదానిని రాదని చెప్పి, దానిని నేర్చుకొనుటకు ఏమి చేయుచున్నాడో చెప్పవలెను. వృత్తి మార్చువాని అర్జీలో చదువువానికి నమ్మకము కలిగించునది ఈ వాక్యమే. అన్నియు వచ్చుననువానిని ఎవరును నమ్మరు.

ఐదవది: ఒక పుట మించరాదు. కిష్కింధలో హనుమంతుడు మొదటిసారి మాటలాడినపుడు శ్రీరాముడు ఆ మాటలలో విస్తరమును, సందేహమును, తొందరయు, జాగును లేవని మెచ్చుకొనెను గదా. క్రొత్తవారియెదుట మాట యెట్లుండవలెనో దానికి అంతకంటె కొలత లేదు.

ఆఱవది: సాక్ష్యము. మన పనిని కంటితో చూచిన ఇద్దఱి పేర్లు, వారి అనుమతి అడిగి, వ్రాయవలెను. పెద్దమనుష్యుల సిఫారసుకంటె కూడ పనిచేసిన మేస్త్రీమాట విలువైనది.

ఈ విధముగ ఆ యువకుడును నేనును కూర్చుండి, ఒంగోలులోని ఒక మందుల టోకు వర్తకునికి వ్రాసిన అర్జీ యిది. వినుడు.

“అయ్యా, మీ గిడ్డంగిలో సరకు లెక్క చూచు గుమాస్తా కావలెనని తెలిసి ఈ అర్జీ పంపుచున్నాను. నేను మార్కాపురమున పలకల కార్ఖానాలో 16 ఏండ్లు పనిచేసితిని. అందు కడపటి 7 ఏండ్లు సరకు కట్టి పంపు కొట్టము నా బాధ్యత. పలక సులభముగ పగులు వస్తువు. దానిని కొలతలవారీగా వేఱుచేసి పెట్టెలలో సర్దించుట, రసీదుతో సరిచూచి లారీ కెక్కించుట, పగిలినవాని లెక్క వ్రాయుట, 12 మంది హాజరుపట్టీ చూచుట నా పని. ఇప్పుడు కార్ఖానా మూతపడినది. మందుల పేర్లును, వాని గడువు తేదీలు చూచి వరుస పెట్టుటయు నాకు క్రొత్త. మా ఊరి మందుల అంగడిలో నెలదినములుగ ప్రతి సాయంకాలము ఆ పని నేర్చుకొనుచున్నాను. పదవ తరగతి చదివితిని. కంప్యూటరులో సరకు లెక్కలు వ్రాయుట నేర్చుకొనుచున్నాను. దుమ్ములో పనిచేయరాదని వైద్యుడు చెప్పినాడు. గిడ్డంగి పనికి అది అడ్డు కాదని కూడ చెప్పినాడు. నా పనిని ఒక వారము చూచి నిర్ణయింప వేడెదను. నా పనిని ఎఱిగినవారు కార్ఖానా మేస్త్రీయు, లారీ కార్యాలయపు గుమాస్తాయు. వారి ఫోను సంఖ్యలు క్రింద వ్రాసితిని.”

ఇందు అలంకారము లేదు. నా పాండిత్యము లేదు. కాని ప్రతి వాక్యమునకును “ఎట్లు?” అని అడిగినచో అతడు తలయెత్తి బదులు చెప్పగలడు. వైద్యుని మాట వ్రాయవలెనా వద్దా యని మేమిద్దఱము చాలసేపు ఆలోచించితిమి. అర్జీలో ఆరోగ్యము సంగతి అంతయు వ్రాయుట విధి కాదు. కాని పిమ్మట తెలిసి మాట పడుటకంటె ముందు చెప్పుట మేలని అతడే నిశ్చయించుకొనెను. అతని కాగితము, అతని నిశ్చయము, నేను కాదనలేదు.

ఒక వారము చూడుడు అను మాట కూడ మనకు క్రొత్త కాదు, లోకమునకును క్రొత్త కాదు. ఇటలీ దేశమున లియొనార్డో డావించీ యను చిత్రకారుడు 1482 ప్రాంతమున, తన 30వ యేట, మిలాను నగరపు ప్రభువైన లుడోవికో స్ఫోర్జాకు పనికోరి ఒక లేఖ కూర్చెను. అతడు ఫ్లారెన్సు నగరమున పేరెత్తుచున్న చిత్రకారుడు. కాని మిలాను ప్రభువునకు అప్పుడు కావలసినది యుద్ధసాధనములు. అది యెఱిగి, తేలిక వంతెనలు, కోటలను ముట్టడించు ఉపాయములు, ఫిరంగులు, కప్పుగల రథములు, ఇట్లు ఒక్కొక్కటియే వరుసగ చెప్పి, శాంతికాలమున కట్టడములు కట్టుట, నీళ్లు మళ్లించుట తెలిపి, చిట్టచివర మాత్రమే చిత్రలేఖనమును పేర్కొనెను. నమ్మకము లేకున్నచో చేసి చూపెదనని ముగించెను. ఆ యుద్ధయంత్రములలో అతడు అప్పటికి చేసి చూపినవి తక్కువయే. ఆ సాహసము మనకు వలదు. చదువువాని అవసరమును ముందు పెట్టుట, పరీక్షకు సిద్ధమనుట, ఈ రెండును గ్రహించినచో చాలును.

స్త్రీల విషయమున ఒక మాట. మా వీధిలో ఒక యిల్లాలు పొదుపు సంఘము పుస్తకములను 9 ఏండ్లు వ్రాసినది. నెలనెల పదిమంది కట్టుబడి, అప్పు, వడ్డీ, బ్యాంకు లెక్క ఆమె చేతులలోనివే. ఒక దుకాణమున లెక్కలు వ్రాయుటకు అర్జీ పెట్టుచు, అనుభవము అనుచోట “ఏమియు లేదు” అని వ్రాసినది. ఎందుకమ్మా యని అడిగినచో, “దానికి నాకు జీతము ఇయ్యలేదు గదా అయ్యవారూ” అన్నది. జీతము రాని పని పని కాదను మాట మన యిండ్లలో ఎంత లోతుగ నాటుకొన్నదో చూడుడు. ఆమెచే ఆ రెండు మాటలు కొట్టివేయించి, 9 ఏండ్ల లెక్క వ్రాయించితిని. మీ కోడండ్రు, కూతుండ్రు అర్జీ వ్రాయునపుడు ఆ చోటు ఖాళీగా విడువనీయకుడు.

ప్రభుత్వోద్యోగముల సంగతి వేఱు. అక్కడ నియమిత పత్రముండును, పరీక్ష యుండును. 2019లో గ్రామ, వార్డు సచివాలయముల కొఱకు లక్షకు మించిన కొలువులను వ్రాతపరీక్ష పెట్టియే నింపిరి. అట్టిచోట మన వాక్యరచనతో ప్రయోజనము లేదు. పేరు, పుట్టినతేది ధ్రువపత్రములలో నున్నట్లే అక్షరము తప్పకుండ నింపుట, గడువులోపల పంపుట, చదువుట, ఇవియే మార్గము. చదువు నడుమ మానినవారు సార్వత్రిక పాఠశాలలో చేరి పదవ తరగతి పూర్తిచేయవచ్చును. వయస్సు మీఱినదని వెనుదీయనక్కఱలేదు.

ఈ కాలమున ఇంకొక ప్రమాదము. ఇంటర్నెట్ అంగళ్లలో సిద్ధముగనున్న అర్జీలు దొరకును. యంత్రము క్షణమున వ్రాసి ఇచ్చును. పేరొక్కటి మార్చి ఒకే అర్జీని నలువది చోట్లకు పంపువారు కలరు. చదువువాడు అట్టివి దినమునకు నూఱు చూచుచున్నాడు. మొదటి పంక్తిలోనే గుర్తించును. నేను వ్రాసిన మొదటి అర్జీ కూడ అట్టిదే. అది యంత్రము వ్రాయలేదు, పండితుడు వ్రాసినాడు, అంతియే భేదము. ఎవరు వ్రాసి ఇచ్చినను మనిషి అందులో లేనిచో అది ఉత్త కాగితమే. ఇంగ్లీషున పంపవలసినచో మొదట తెలుగున వ్రాసికొని, తెలిసినవారిచే మార్పించి, ప్రతి వాక్యపు అర్థమును నేర్చుకొని పంపవలెను. తన అర్జీ తనకే తెలియనివాడు ఎదుటివానికేమి చెప్పును?

ఆ యువకుని సంగతి ఏమయ్యెనని మీరడుగుదురు. ఒంగోలునుండి నలువది దినములు బదులు రాలేదు. అదే అర్జీని, మొదటి పంక్తులు మార్చి, మఱి మూడు చోట్లకు పంపితిమి. చివరకు ఒంగోలు వర్తకుడే పిలిచెను. “పలక లెట్లు పగులును?” అని అడిగెనట. ఇతడు పావుగంట చెప్పెనట. మూడు నెలలు చూచెదమని చేర్చుకొనిరి. జీతము కోరినంత కాదు. దగ్గు పూర్తిగ పోలేదు. కాని నేటికిని అక్కడనే ఉన్నాడు. పండుగకు వచ్చినపుడు నాకొక క్రొత్త పలక తెచ్చి ఇచ్చెను. తాను కార్ఖానాలో కోసిన కడపటి వానిలోనిదట. దానిని నా బల్లమీదనే ఉంచుకొన్నాను.

పెద్దలారా, కడపట ఒక మనవి. వృత్తి విడిచినవానిని చూచి “తాతలనాటి పని చేతగాక పోయినాడు” అనుట మన రచ్చబండలకు అలవాటు. ఒంగోలు కేంద్రమైన జిల్లాకు ఎవరి పేరు పెట్టుకొంటిమో ఆ టంగుటూరి ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగ ఉండి, 1904లో నౌకనెక్కి ఇంగ్లాండునకు పోయి, బారిస్టరై 1907లో తిరిగివచ్చి మదరాసు హైకోర్టులో నిలిచిరి. 1921లో ఆ సంపాదనను కూడ విడిచి పత్రిక పెట్టిరి. వృత్తి మార్చుట చేతగానితనమైనచో ఆయనను మనమేమనవలెను?

కావున మీ అరుగుమీదికి ఎవడైన అర్జీకై వచ్చినచో, కలము తీయకుడు. ముందు మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టుడు. నీవు దినమంతయు ఏమి చేయుదువు నాయనా యని అడుగుడు. అతడు “ఏమున్నది, కూలిపనియే” అనును. అప్పుడు మఱల అడుగుడు.